పదకొండు నిమిషాల ఊరేగింపు

మేము వెళ్ళింది పదకొండు నిమిషాల ఫిల్ము చూడటానికి. అందులో మాటలు లేవు, పాటలు లేవు, రంగులు కూడా లేవు. దానికోసం రానూపోనూ ఆరువందల మైళ్ళు తిరిగాం, మూడు రోజులు పట్టింది. తిరిగొచ్చాక ఆఫీసులో "వాషింగ్టన్ వెళ్ళారట కదా, ఏం చూశారు?" అని అడిగినవాళ్ళకి నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. శ్వేతసౌధం చూడలేదు, మ్యూజియాలు చూడలేదు, నది ఒడ్డున చెర్రీ చెట్లూ చూడలేదు. చూసిందేమిటో నిదానంగా చెబితే తప్ప అర్థం కాదు.

నాతో వచ్చినావిడ మిస్ రూత్. ఎనభై ఆరేళ్ళు. నార్త్ కరోలినాలోని క్యారీలో మా పక్కింట్లో ఒక్కరే ఉంటారు. ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలకు లెక్కలు చెప్పిన టీచరు. ఇక్కడి దక్షిణాది రాష్ట్రాల్లో పెద్ద వయసు ఆడవాళ్ళను పేరుకు ముందు 'మిస్' చేర్చి పిలుస్తారు, మనం పేరు చివర 'గారు' చేర్చినట్టు. నేను డిపెండెంట్ వీసా మీద వచ్చి, ఉద్యోగం చేయడానికి వీల్లేక ఆరేళ్ళు ఇంట్లో కూర్చున్న రోజుల్లో తన పాత కారులో నాకు డ్రైవింగ్ నేర్పింది ఆవిడే. "ముందు బ్రేకు మీద కాలు పెట్టు, తరువాత భయపడు" అనేవారు.

ఇప్పుడు ఆవిడ డ్రైవ్ చేయలేరు. కంటి మధ్యభాగంలో చూపు పోతోంది. ఎదురుగా ఉన్న ముఖం కనిపించదు, అంచుల్లో ఉన్నది మాత్రం కాస్త కనిపిస్తుంది. అందుకని నాతో మాట్లాడేటప్పుడు నా చెవి వైపు చూస్తారు.

ఈ చలికాలం చివర్లో ఆవిడకు సొంత ఊరి చర్చి నుంచి ఒక ఉత్తరం వచ్చింది. కొరియా యుద్ధం మొదలైన ఏడు, యుద్ధానికి కొద్ది వారాల ముందు, ఆ ఊళ్ళో సైనికుల ఊరేగింపు జరిగింది. సైన్యం కెమెరామెన్లు దాన్ని ఫిల్ము తీశారు. ఆ రీలు వాషింగ్టన్ దగ్గర ప్రభుత్వం వారి ఫిల్ముల భాండాగారంలో ఉందట. ఇంటర్నెట్‌లో పెట్టలేదు, అక్కడికి వెళ్ళి చూడాల్సిందే. ఆ ఊరేగింపులో మిస్ రూత్ అన్న వాల్టర్ నడిచాడు. పంతొమ్మిదేళ్ళు. ఆ చలికాలమే కొరియాలో కనిపించకుండా పోయాడు. ఎముక ముక్క కూడా తిరిగి రాలేదు.

హ్యూస్టన్‌లో ఉన్న కూతురు, కాపీ తెప్పిస్తాను, ఆగమంది. మిస్ రూత్ ఆ ఉత్తరం పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు.

"కాపీ వచ్చేదాకా నా కళ్ళు ఆగవు. నీకు సెలవులున్నాయా, షామ్లా?"

నా పేరు శ్యామల. ఆవిడ నోట్లో అది అలాగే పలుకుతుంది.

అట్టపెట్టెలో భోజనం

బయలుదేరేటప్పుడు ఆవిడ చేతిలో చెప్పుల అట్టపెట్టె ఒకటి ఉంది. తాడు కట్టి ఉంది. వర్జీనియా సరిహద్దు దాటాక రోడ్డు పక్కన ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్ముతున్న బోర్డు చూసి నేను కారు ఆపాను. ఈ దేశంలో పచ్చికాయలు ఉప్పేసి ఉడకబెట్టుకుని తింటారని నాకు అప్పటిదాకా తెలియదు. పెద్ద కాగితం కప్పు ఆరు డాలర్లు. అమ్మే ముసలాయన కారం వేసినవి కావాలా, ఉత్తవి కావాలా అని అడిగి, మిస్ రూత్ కప్పులో మాత్రం ఇంకో గరిటెడు అదనంగా పోశాడు. మా ఇంట్లో అమ్మ ఉడకబెట్టిన కాయలకూ వీటికీ తేడా ఏమీ లేదు, ఉప్పు కాస్త ఎక్కువ, అంతే.

అక్కడే బల్ల మీద ఆవిడ అట్టపెట్టె తాడు విప్పారు. వేయించిన కోడి ముక్కలు, ఉడికించిన గుడ్లు, వెన్న కేకు. దారిలో నాలుగు మైళ్ళకో హోటలు ఉండగా ఇదంతా ఎందుకని అడిగాను.

"అలవాటు పోలేదు బేబీ. మా నాన్న ఈ రోడ్డు మీద ఎక్కడా ఆపేవాడు కాదు. ఆపితే నల్లవాళ్ళని లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. అన్నం ఇలా పెట్టెలో, నీళ్ళు సీసాలో. చిన్నపిల్లలకి వెనక సీటు కింద ఒక కాఫీ డబ్బా ఉండేది. దేనికో నువ్వే అర్థం చేసుకో."

ఆవిడ మామూలుగానే చెప్పారు, గుడ్డు పెంకు వొలుస్తూ. నాకు మా కృష్ణా జిల్లాలోని టీకొట్టు గుర్తొచ్చింది. చూరుకి కట్టిన తీగకి నాలుగు గ్లాసులు విడిగా వేలాడుతుండేవి. కొందరు వచ్చి వాటినే తీసుకుని, తాగి, వాళ్ళే కడిగి మళ్ళీ తగిలించి పోయేవాళ్ళు. నేను బెంచీ మీద మా నాన్న పక్కన కూర్చుని బిస్కెట్టు తింటూ అది చూసేదాన్ని. ఎందుకలా అని ఒక్కసారి కూడా అడగలేదు. ఆ సంగతి మిస్ రూత్‌కి చెప్పాను. ఇరవయ్యేళ్ళ పరిచయంలో అదే మొదటిసారి చెప్పడం.

"ఆ గ్లాసులు ఇప్పుడున్నాయా?"

"చాలాచోట్ల పోయాయి. అన్నిచోట్లా పోయాయని మాత్రం చెప్పలేను."

ఆవిడ తల ఊపి, కేకు ముక్క ఒకటి నా వైపు జరిపారు.

రిచ్‌మండ్ దగ్గర ట్రాఫిక్

రిచ్‌మండ్ దాటుతుండగా ముందెక్కడో ప్రమాదం జరిగి గంటన్నర ఒకేచోట ఆగిపోయాం. అప్పుడు చెప్పారు, తాను నిజంగా చూడాలనుకుంటున్నది ఏమిటో.

ఊరేగింపు రోజు వాళ్ళమ్మ పొద్దున్నే లేచి హామ్ అనే పంది మాంసం పెట్టిన బిస్కెట్లు చేసింది. అంటే మన బిస్కెట్లు కావు, మెత్తటి రొట్టెల్లాంటివి. కాగితం సంచిలో వేసుకుని, పదకొండేళ్ళ రూత్‌ని వెంటబెట్టుకుని బజారు చివర ఐసు ఫ్యాక్టరీ దగ్గర నిలబడింది. నల్లవాళ్ళు నిలబడాల్సిన చోటు అది. వాల్టర్ అక్కడికి వచ్చినప్పుడు సంచి చేతికిద్దామని ఆమె ఆలోచన. వరుసలో నడిచే సైనికుడు అలా తీసుకోకూడదని ఆమెకి తెలియదు.

"వాడు వచ్చాడు, వెళ్ళిపోయాడు. అమ్మ సంచితోనే ఇంటికొచ్చింది. ఆ రొట్టెలు ఎవరం తినలేదు. మరునాడు వాడు క్యాంపుకి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు."

"మీ వైపు చూడలేదా?"

"అదే నాకు తెలియదు. జనంలో నేను అమ్మకి దూరంగా వెనక చిక్కుకుపోయాను, నా ముందు ఒక లావాటాయన నిలబడి ఉన్నాడు. వాల్టర్ టోపీ మాత్రం కనిపించింది. టోపీ ఇటు తిరిగినట్టు నాకు అనిపించింది. అమ్మ లేదనేది. చనిపోయేదాకా అదే మాట. 'వాడు నన్ను చూడలేదు. తప్పు నాదే. నేను పిలవలేదు. పిలిచుంటే చూసేవాడు, పిలవాల్సింది' అని. వంట చేస్తూ అనేది, బట్టలు ఆరేస్తూ అనేది. ఆఖర్న ఆస్పత్రిలో నన్ను గుర్తుపట్టని రోజున కూడా అదే అంది."

ముందున్న లారీ కదిలింది. నేను బ్రేకు మీద నుంచి కాలు తీశాను.

"ఆ టోపీ తిరిగిందో లేదో చూడాలి నాకు. నాకు కనిపించకపోతే నువ్వు చూసి చెప్పాలి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి."

లావణ్య ఇంట్లో

ఆ సాయంత్రం వాషింగ్టన్ పక్కనే మేరీలాండ్‌లో లావణ్య ఇంట్లో దిగాం. క్యారీకి రాకముందు పార్సిప్పనీ అనే ఊళ్ళో ఒకే అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో ఉన్నప్పటి నుంచి నాకు స్నేహితురాలు, వరంగల్ అమ్మాయి. మిస్ రూత్‌ని చూడగానే చేతిలోని సంచి అందుకుని, నన్ను వంటింట్లోకి లాగింది.

"అక్కా, ఆంటీకి స్పైసీ నడుస్తదా? పప్పు మైల్డ్‌గనే చేసిన. బెండకాయ ఫ్రై ఉంది."

మిస్ రూత్ బెండకాయ వేపుడు రెండుసార్లు వడ్డించుకున్నారు. తమ ఇళ్ళలో మొక్కజొన్న పిండి అద్ది వేయిస్తారనీ, ఆ గింజలు ఆఫ్రికా నుంచి తమ పూర్వులతో వచ్చాయని అమ్మమ్మ చెప్పేదనీ అన్నారు. అన్నం చేత్తో కలిపి తినే పద్ధతి చూసి తానూ చెంచా పక్కన పెట్టారు. కంచం ఎక్కడుందో వేళ్ళకి తెలుస్తుంది కాబట్టి ఇదే తేలికగా ఉందన్నారు.

గిన్నెలు సర్దుతున్నప్పుడు లావణ్య గొంతు తగ్గించి అడిగింది. "అక్కా, రేపు ఆంటీ వాళ్ళ అన్న కనిపించకుంటే ఏం చేస్తవ్?"

"కనిపించలేదని చెప్తాను."

"అట్లెట్ల చెప్తవ్? అంత దూరం డ్రైవ్ చేసుకొని వచ్చిన్రు. ఆంటీకి ఎట్లాగూ క్లియర్‌గ కనబడదు కదా. చూసిండు, తల తిప్పిండు అని చెప్పెయ్. ఏం పోతది? హ్యాపీగ ఉంటది."

నేను పప్పు గిన్నెకి మూత పెట్టి ఫ్రిజ్‌లో సర్దాను. నిజం చెప్పాలంటే, రిచ్‌మండ్ దాటినప్పటి నుంచీ నేనూ అదే ఆలోచిస్తున్నాను.

పెన్సిళ్ళు మాత్రమే

భాండాగారం కొత్త కట్టడం, చుట్టూ చెట్లు. లోపలికి వెళ్ళాలంటే ముందు ఫొటోతో కార్డు చేయించుకోవాలి. అక్కడే తెలిసింది, మిస్ రూత్ గుర్తింపు కార్డు ఇంకో హ్యాండ్‌బ్యాగులో, లావణ్య ఇంట్లో ఉండిపోయిందని. లావణ్య ఆఫీసు మీటింగు మధ్యలో లేచి తీసుకొచ్చింది. మాకు గంట పోయింది. ఆ గంటంతా మిస్ రూత్ చర్చికి వేసుకునే నీలం గౌను మోకాళ్ళ మీద సర్దుకుంటూ నిటారుగా కూర్చున్నారు.

సంచులు లాకర్లో పెట్టించారు. పెన్నులు వద్దన్నారు, పెన్సిలు ఇచ్చారు. ఫిల్ము గదిలో పనిచేసే ఆయన, గ్రెగ్ అని పిలవమన్నాడు, తెల్లటి గుడ్డ చేతి తొడుగులు వేసుకుని రీలును ఒక బల్ల మీద పళ్ళెంలా పడుకోబెట్టాడు. బల్లకి చిన్న తెర ఉంది. మీట ముందుకు తోస్తే బొమ్మ కదులుతుంది, వెనక్కి లాగితే వెనక్కి పోతుంది. రీలుతో పాటు టైపు చేసిన కార్డు ఒకటుంది. నేను పైకి చదివాను: మేయరు, బ్యాండు, అందాల పోటీలో గెలిచిన అమ్మాయి, కవాతు దళాలు, జెండా. ఐసు ఫ్యాక్టరీ దగ్గర నిలబడ్డవాళ్ళ ఊసు లేదు.

మిస్ రూత్ తెరకి పక్కగా కూర్చున్నారు, అంచులతో చూడటానికి. నేను చెబుతూ పోయాను.

"వీధి. రెండు వైపులా జనం. టోపీలు. కుడివైపు ఇనుప సామాన్ల కొట్టు."

"మేము దాని వెనక గుమ్మం నుంచి వెళ్ళేవాళ్ళం. ఊఁ."

"పైకప్పు లేని కారులో ఒక అమ్మాయి చెయ్యి ఊపుతోంది. పొడుగు గ్లవుజులు."

"లాయరుగారి కూతురు."

బ్యాండు వచ్చింది. డప్పుల మీద కర్రలు ఆడుతున్నాయి, శబ్దం లేదు. తెల్ల సైనికుల దళాలు వచ్చాయి. కెమెరా వాళ్ళ ముఖాల మీద తీరిగ్గా ఆగింది. ఒకడు కన్ను కొట్టాడు. ఒక అమ్మాయి పరుగెత్తి అతని జేబులో పువ్వు పెట్టింది, ఎవరూ వారించలేదు. మిస్ రూత్‌కి నేను ఆ పువ్వు సంగతి కూడా చెప్పాను. ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నారు కదా.

పదో నిమిషంలో కెమెరా వీధి చివరికి తిరిగింది. ఐసు ఫ్యాక్టరీ గోడ. నల్లవాళ్ళ గుంపు.

"ఒక ఆడమనిషి ముందుకొచ్చి నిలబడింది. పూల గౌను, చిన్న గడ్డిటోపీ. కెమెరా వైపు చూడటం లేదు. ఒక చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుంది. ఇంకో చేతిలో…"

"ఏముంది?"

"కాగితం సంచి."

మిస్ రూత్ చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. గ్రెగ్ మీట ఆపాడు. ఆవిడ తల ఇటూ అటూ తిప్పి, ఎక్కడ పెడితే కనిపిస్తుందో వెతుక్కుని, చివరికి కిటికీ వైపు ముఖం పెట్టి కంటి కొసతో తెరను చూశారు. చాలాసేపు అలాగే ఉన్నారు.

"మా అమ్మది ఒక్క ఫొటో కూడా లేదు, ఇంత వయసుది. ఎంత చిన్నదో చూడు. నా కూతురి కంటే చిన్నది."

తరువాత అన్నారు, "నడిపించండి."

సందు మలుపులో నల్ల సైనికుల దళం కనిపించింది. దూరంగా, ముందు వరుస మాత్రమే. ముఖాలు తెలియడం లేదు. ఆ క్షణంలో వాళ్ళమ్మ కళ్ళ దగ్గరి చెయ్యి దిగింది. సంచి పట్టుకున్న చెయ్యి పైకి లేచింది. ముఖం మొత్తం మారిపోయింది. తరువాత తెర మీద జెండా వచ్చింది. జెండా కొంతసేపు ఎగిరింది. రీలు అయిపోయింది.

గదిలో బల్ల మోటారు చప్పుడు ఒక్కటే మిగిలింది.

"చెప్పు," అన్నారు మిస్ రూత్.

లావణ్య మాట నాలుక చివర ఉంది. టోపీ తిరిగిందని రెండు మాటలు చెబితే చాలు. ఆవిడ నా చెవి వైపు చూస్తూ ఎదురుచూస్తున్నారు.

"కట్ చేశారు, మిస్ రూత్. నల్లవాళ్ళ దళం దగ్గరికి రాకముందే కట్ చేశారు. వాల్టర్ ముఖం ఇందులో లేదు."

ఆవిడ ఏడవలేదు. మిగతా భాగం ఇంకో రీలులో ఉందేమో అని గ్రెగ్‌ని అడిగారు. ఆయన వెళ్ళి అరగంట వెతికి వచ్చాడు. లేదు. "ఫిల్ము అయిపోయి ఉండొచ్చు. చాలని ఎవరైనా చెప్పి ఉండొచ్చు. కార్డులో రాయలేదు. ఐ యామ్ సారీ, మామ్" అన్నాడు. ఆ మాట తానే తప్పు చేసినవాడిలా అన్నాడు.

"అమ్మని మళ్ళీ చూపించండి."

మళ్ళీ చూశాం. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. గ్రెగ్ మీటను మెల్లగా, ఒక్కో బొమ్మా కదిలేలా తోశాడు. అప్పుడు చూశాను నేను, అంతకుముందు గమనించనిది. సంచి పైకి లేచేటప్పుడు ఆమె నోరు తెరుచుకుంది. ముందు పెదవులు గుండ్రంగా ముందుకొచ్చాయి, తరువాత వెడల్పుగా తెరుచుకున్నాయి. మెడ నరం ఉబ్బింది.

చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆగాను. చెప్పాను.

"ఆమె పిలుస్తోంది, మిస్ రూత్."

"లేదు. అమ్మ పిలవలేదు."

"గట్టిగా పిలుస్తోంది."

గ్రెగ్ కూడా వంగి చూసి, అవునన్నాడు. మిస్ రూత్ చెయ్యి నా మణికట్టు వదిలి ఒళ్ళో పడింది.

"పిలిచింది," అన్నారు. "పిలిచినా వాడు చూడలేదు. అది నాకు చెప్పలేదు. పిలవలేదని, తప్పు తనదేనని చెప్పింది. యాభై ఏళ్ళు చెప్పింది. నేను నమ్మాను. ఒక్కోసారి కోపం కూడా వచ్చేది నాకు, ఎందుకు పిలవలేదమ్మా అని. ఒకసారి పైకే అనేశాను."

అప్పుడు ఏడ్చారు. గ్రెగ్ చేతి తొడుగులు విప్పి పక్క గదిలోకి వెళ్ళిపోయాడు.

తెరను ఫోనుతో ఫొటో తీసుకోవచ్చన్నారు. సంచి ఎత్తకముందు ఒకటి, ఎత్తాక ఒకటి తీశాను. ఆ సాయంత్రం ఫొటోలు కూడా వేసే ఒక మందుల షాపులో పెద్ద సైజులో ప్రింటు వేయించాను. లావణ్య ఏమైందని అడగలేదు. భోజనాల బల్ల మీద ఫొటోలు చూసి, "ఆంటీ, మీ మమ్మీ చాలా బాగున్నారు" అని ఇంగ్లీషులో చెప్పి, ఆవిడ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఐసు ఫ్యాక్టరీ మూల

మూడో రోజు తిరుగు దారిలో, రాకీ మౌంట్ అనే పట్నానికి అటుపక్కనున్న ఆవిడ సొంత ఊరికి మళ్ళాం. ఊరి పేరు రాయవద్దన్నారు. మధ్యాహ్నం రెండు గంటలు. బజారులో సగం కొట్లు మూసేసి చెక్కలు కొట్టేశారు. ఇనుప సామాన్ల కొట్టులో ఇప్పుడు పాత బట్టలు అమ్ముతున్నారు. ఐసు ఫ్యాక్టరీకి కప్పు లేదు, ఇటుక గోడ ఒకటి మిగిలింది. దాని పక్క సందు ఫిల్ములో ఉన్నట్టే ఉంది.

మిస్ రూత్ గోడ తడుముకుంటూ నడిచి ఒకచోట ఆగారు. "ఇక్కడ," అన్నారు.

నేను పక్కన నిలబడ్డాను. తరువాత నన్నొక పని చేయమన్నారు.

"ఆ మలుపు దాకా వెళ్ళి, వీధి మధ్యలో నడుచుకుంటూ రా. ముందుకే చూస్తూ రా. నేను పిలుస్తాను. ఏం జరిగినా ఇటు చూడకు."

కార్లేవీ లేవు. మలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి నడక మొదలుపెట్టాను. ఎదురుగా వీధి చివర చర్చి శిఖరం ఉంది, దాన్నే చూస్తూ నడిచాను. చూడకూడదు, చూడకూడదు అనుకుంటూ నడిచాను. గోడకి దగ్గరగా వచ్చేసరికి వినిపించింది.

"వాల్టర్."

ఎనభై ఆరేళ్ళ గొంతు. గట్టిగా ఏమీ కాదు, మధ్యలో పగిలింది. ఆ పేరు నాది కాదు. చూడొద్దని ముందే చెప్పారు. అయినా నా తల తిరిగిపోయింది. ఆవిడ కుడిచెయ్యి పైకెత్తి ఉంది, అందులో ఏమీ లేదు.

సిగ్గుపడుతూ దగ్గరికి వెళ్ళాను. "సారీ, మిస్ రూత్. చూసేశాను."

"తెలుసు. కదిలేది నాకు కనిపిస్తుంది." ఆవిడ చెయ్యి దించి, నా భుజం మీద వేశారు. "చూడకూడదని తెలిసి కూడా తిరిగావు. వినబడితే ఎవరైనా తిరుగుతారు, షామ్లా. వాడి ముందు బ్యాండు ఉంది. డప్పులు. వాడికి వినబడలేదు."

కవాతు చేసే సైనికుడికి మెడ తిప్పకుండా ఉండటమే నేర్పుతారని నాకు తెలుసు. ఆవిడకీ తెలుసు. బ్యాండు ఎప్పుడో ముందుకు వెళ్ళిపోయిందని ఫిల్ములో ఇద్దరం చూశాం.

"డప్పులు చాలా గట్టిగా వాయిస్తున్నారు," అన్నాను.

ఆవిడ నా భుజం పట్టుకుని కారు వైపు నడిచారు. తలుపు తీసి సీటు బెల్టు పెట్టాను. క్యారీ చేరేదాకా ఫొటోలున్న కవరు ఒళ్ళో పెట్టుకుని, ముఖం కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నారు. అంచులతో చూస్తున్నారో, ఏమీ చూడటం లేదో నేను అడగలేదు.